మా వాడ గిర్ని

మేము హనుమకొండలోని ఈ వాడకు వచ్చి మూడేళ్లవుతున్నది. వచ్చిన కొత్తలో జొన్నపిండి ప్యాకెట్లు కొనేవాళ్లం. ఎప్పుడు పట్టిన పిండో ఏమో, రొట్టె కొడుతుంటే అంచులు పగిలేవి, ఒక్కోసారి చేదు కూడా తగిలేది. ఇది చూసిన పక్కింటి వదినె, సందు చివర పిండి పట్టే గిర్ని పెట్టుకొని ఈ ప్యాకెట్లెందుకని మందలించి, మరుసటి ఆదివారం నాతో జొన్నలు కొనిపించి వెంటబెట్టుకొని తీసుకుపోయింది. అప్పటినుంచి మా ఇంటి పిండి, కారం, పసుపు అన్నీ అక్కడే పట్టిస్తున్నాం.

అదొక రేకుల షెడ్డు. ధరలు గోడమీద సుద్దముక్కతో రాసి ఉంటాయి. పిండికి ఒక యంత్రం, కారానికి మరొకటి వేరుగా ఉండడం మొదటి మేలు. పిండి పట్టేది రాతితోనే. యజమాని మొదటి గుప్పెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, బరకగా ఉంటే పక్కనున్న చక్రాన్ని కాస్త బిగించి, మళ్లీ నలిపి చూసిన తర్వాతనే మిగతా గింజలు పోస్తాడు. వేడివేడి పిండిని వెంటనే మూత పెట్టవద్దనీ, ఇంటికి పోగానే బట్టమీద ఆరబోయాలనీ అడగకుండానే చెప్తాడు. చెమ్మ పట్టిన డబ్బా పిండి ఒకసారి పారబోసిన తర్వాత గాని నాకు ఆ మాట విలువ తెలియలేదు.

ఎండలు మొదలై వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దండిగా వచ్చే రోజుల్లో ఈ గిర్నిని చూడాలి. మా వాడలో నాలుగైదు ఇండ్లవాళ్లం కలిసి మిరపకాయలు తెచ్చుకుంటాం. ఘాటుకు తేజ రకం, రంగుకు చపాట రకం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి ఇదే. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ కావడం వల్ల తొక్కుల్లో దీనికి సాటి లేదు. డాబాలమీద ఎండబోసి, తొడిమెలు తీస్తూ కూర్చున్నప్పుడే ఏ ఇంట్లో పెండ్లి కుదిరిందో, ఎవరి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం మారాడో తెలుస్తుంది. గిర్నిలో మాత్రం మాటలుండవు, తుమ్ములే.

వానాకాలంలో మక్క గటకకు, అంటే మొక్కజొన్న సంకటికి, రవ్వ పట్టిస్తాం, అంతకుమించి పనుండదు. బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి కోసం వేయించిన మక్కలూ పల్లీలూ వస్తాయి. ఆ వారం షెడ్డు ముందు నిలబడితేనే ఆకలవుతుంది.

నాకు కోపం వచ్చింది సంక్రాంతి ముందు. సకినాలకు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టిన బియ్యం తీసుకుపోతే, రద్దీలో చక్రం బిగించకుండానే పట్టేశాడు. పిండి బరకగా ఉందని సాయంత్రం సకినాలు చుట్టడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేతిలోకి తీసుకోగానే పసిగట్టారు. బట్టమీద చుట్టలు తెగిపోతుంటే, వదినె ఇంకా కలపని పిండినంతా జల్లెడ పట్టించి, ఓమ, నువ్వులు మళ్లీ కలిపి ఎలాగో గట్టెక్కించింది. మరునాడు అడిగితే తప్పు ఒప్పుకొని, జల్లెడలో మిగిలిన రవ్వను ఊరికే పట్టి ఇచ్చాడు. అందుకే ఈ గిర్నికి అయిదింటికి నాలుగు ఇస్తున్నాను.

ఇంకో రెండు సంగతులు. అరిగిన తిరగలి రాయికి గాట్లు కొట్టించిన రోజు పిండిలో ఇసుక తగులుతుంది కనుక ఆ రోజు పోవద్దు. అడిగితే దాచకుండా చెప్తారు. రెండవది, ముందువారి పిండి కొంత లోపలే మిగిలిపోయి మన పిండితో కలిసి వస్తుంది. ఒకసారి మా జొన్నరొట్టెలు రాగుల ఛాయతో వచ్చాయి. ఇదేమిటని అడిగితే, “ముందట ఎవరి డబ్బా ఉన్నదో చూసుకొని నిలబడాలె సారూ” అన్నాడు. మీరూ అలాగే చూసుకొని నిలబడండి. అయితే ఆదివారం పొద్దున మా వదినె జొన్నల డబ్బా వెనుక చోటు మాత్రం నాది.