‘లెదర్ డై’ పేరుతో పెయింట్ అమ్ముతున్నారు, కొనేముందు చూసుకోండి

టాన్ రంగు ఫార్మల్ షూస్‌ని ఇంట్లోనే నల్లగానో ముదురు బ్రౌన్‌గానో మార్చుకుందామని ఆన్‌లైన్‌లో డై వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

నేను కొన్న కిట్ మీద ‘డై, అన్ని రకాల లెదర్‌కీ పనికొస్తుంది, రంగు వదలదు’ అని రాసుంది. సీసాతో పాటు పాత పాలిష్ తీసే ద్రావణం, స్పాంజి ముక్క ఇచ్చారు. కాగితంలో చెప్పినట్టే తుడిచి, పూత వేసి, రాత్రంతా ఆరబెట్టాను. చూడ్డానికి నిగనిగలాడుతూ బాగానే ఉంది. ఆఫీసుకు వేసుకెళ్లిన మొదటి రోజే వేళ్ల దగ్గర మడతపడే చోట సన్నటి పగుళ్లొచ్చాయి. సాయంత్రానికి నలుపు లేచిపోయి కింద టాన్ బయటపడింది. గోటితో గీకితే పొర పొరంతా ఊడి చేతికొచ్చింది. ప్యాంటు అంచుకి అంటిన మరక ఉతికినా పోలేదు.

అసలైన డై నీళ్లలా పల్చగా ఉండి తోలులోకి ఇంకుతుంది. వీళ్లు పంపింది చిక్కటి పెయింట్, అది పైన పొరలా కూర్చుంటుంది. పెయింట్ చెడ్డదని కాదు. తోలు కోసమే తయారుచేసిన యాక్రిలిక్ పెయింట్లు పల్చటి పూతలుగా వేస్తే తోలుతో పాటు వంగుతాయి. కానీ ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టడం మోసమే.

‘అన్ని రకాల లెదర్‌కీ’ అన్న మాట కూడా నమ్మకండి. చాలా ఫార్మల్ షూస్ తోలు మీద పాలీయురేతేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందులోకి ఏ డై అయినా సరిగా ఇంకదు. కనబడని మూల పాలిష్ బాగా తుడిచేసి ఒక నీటి చుక్క వేయండి. ఇంకి ఆ చోటు ముదురైతే డై పట్టే అవకాశం ఉంది. చుక్క అలాగే నిలబడితే పూత ఉన్నట్టే, డబ్బు దండగ చేసుకోకండి. పాలిష్ తీసే ద్రావణంలో అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్లలో వాడే రసాయనం) ఉంటే సింథటిక్ షూస్ మీద అసలు వాడొద్దు, పైపొర కరిగి జిగటగా అయిపోతుంది. ఇంకో సంగతి, డైతో ముదురు రంగులోకే వెళ్లగలం. నల్ల షూస్‌ని టాన్ చేస్తామని ఎవరైనా రాస్తే ఆ పేజీ మూసేయండి.

రివ్యూల్లో ఫోటోలు చూసి మోసపోవద్దు. దాదాపు అన్నీ పూత ఆరిన రోజు తీసినవే. కొన్నాళ్లు తొడిగాక రాసినవి వెతికి చదవండి.

సీసా మూత తీశారు కాబట్టి డబ్బు వాపసు లేదని అమ్మినవాళ్లు తేల్చేశారు. మూత తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ‘డై’ అని రాసున్న పేజీ స్క్రీన్‌షాట్లు, బిల్లు, పగుళ్ల ఫోటోలు దగ్గర పెట్టుకున్నాను. మీరూ ఆర్డర్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీలో మాటలు తర్వాత మార్చేస్తారు. ఇప్పటికే కిట్ ఇంటికొచ్చి ఉంటే షూ మీద వేయకండి. ముందు పాత లెదర్ బెల్టు మీద పూసి, ఆరాక మడిచి చూడండి.