కోరంగి మడ అడవిలో ఒక పూట

కాకినాడలో రెండు రాత్రులు ఉన్నాం. బస్టాండుకి దగ్గరలో దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది కానీ, వేడినీళ్లు నాలుగుసార్లు అడిగితే గానీ రాలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే కనుక్కుని దిగండి.

మొదటిరోజు కడియం నర్సరీలు చూశాం. ఆ పూల వరసల మధ్య నడుస్తుంటే కళ్లు నిండిపోతాయి. అయితే అది అమ్మకాల చోటు. మా అమ్మాయి ఏ మొక్క పేరడిగినా ముందు ధర చెప్పేవారు. బేరాల టైములో వాళ్లని తప్పు పట్టలేం.

మర్నాడు పొద్దున్నే యానాం బస్సెక్కి కోరంగిలో దిగాం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి అది. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు. అవి మడచెట్టు ఊపిరి తీసుకునే వేళ్లని గైడుగా వచ్చిన కుర్రాడు చెప్పాడు. దగ్గరలోని మత్స్యకార గ్రామం వాడే. తెల్లమడ ఆకు ఒకటి కోసి మా అమ్మాయి చేతికిచ్చి, "నాలిక మీద పెట్టి చూడమ్మా" అన్నాడు. ఉప్పగా ఉంది! వేళ్లతో వచ్చిన ఉప్పుని చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుందట. తిల్ల చెట్టు దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు, "ఆ పాలు కంట్లో పడితే ప్రమాదమండి" అని.

ఈ అడవి దానంతటదే ఇలా నిలబడలేదు. చెట్లు నరికినచోట నేల ఎండి కుంగి పళ్లెంలా తయారవుతుంది. పోటుకి లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోలేక ఎండకి ఇగిరిపోతాయి, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు. 1990ల చివర్లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పేరుమీదున్న పరిశోధన ఫౌండేషన్ వాళ్లు భారత్-కెనడా పర్యావరణ నిధి సాయంతో, అటవీశాఖని, ఊళ్లవాళ్లని కలుపుకుని ముందు కాలవలు తవ్వించారు. నడుమ పెద్ద కాలవ, దానికి రెండు వైపులా చేప ముళ్లలా పిల్ల కాలవలు. పోటు నీళ్లు వచ్చిపోతూ ఉప్పు కడిగాక, కాలవ గట్లవెంట నాటిన మొక్కలు నిలబడ్డాయి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా ప్రపంచ పర్యావరణ నిధి డబ్బు కూడా ఈ తీరానికి వచ్చింది.

మన ఊళ్ల పార్కుల్లో దాతలు సిమెంటు బెంచీ వేయించి పేరు చెక్కిస్తారు. అదీ మంచిపనే, ముసలివాళ్లు కూర్చుంటారు. కానీ నాకు ఇక్కడ కాలవలకి పెట్టిన ఖర్చే ఎక్కువ నచ్చింది. ఇంకా ఎవరైనా ఇవ్వదలిస్తే, చెట్ల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాల బోర్డులకీ, ఆ కుర్రాడిలాంటి గైడులకి ఏడాది పొడుగునా జీతాలకీ ఇవ్వాలని నా కోరిక. మేం చూసిన బోర్డుల్లో కొన్ని ఎండకి వెలిసిపోయి ఉన్నాయి. ఆ కుర్రాడు లేకపోతే మాకు మిగిలేది ఫొటోలే.

వెళ్లేముందు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. ఆటు సమయంలో వేళ్లు బాగా కనిపిస్తాయి, పడవ షికారుకి మాత్రం నీళ్లు నిండుగా ఉండాలి. మేం వెళ్లింది ఆటు వేళ. పడవ లేదని మా అమ్మాయి కాసేపు అలిగింది. బస్సెక్కాక చూస్తే, ఆ తెల్లమడ ఆకు నోట్‌బుక్‌లో పెట్టుకుని ఉంది.