లిమిటెడ్ ఎడిషన్ రివాల్వర్ కొనేవాళ్ళు జాగ్రత్త, పెట్టె చూసి పడిపోకండి, భూతద్దం పెట్టి చూశాకే డబ్బు కట్టండి

కలెక్షన్ కోసం లైసెన్స్ మీద రివాల్వర్ కొనాలనుకునేవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి, నాకు జరిగింది ఇంకొకళ్ళకి జరక్కూడదనే రాస్తున్నా.

యానివర్సరీ ఎడిషన్ సింగిల్ యాక్షన్ (కాల్చే ప్రతిసారీ వెనక ఉన్న హ్యామర్ ని, అంటే సుత్తిని, వేలితో లాగాల్సిన రివాల్వర్) ఒకటి కొనాలని ఎన్నాళ్ళనుంచో చూస్తుంటే ఒక డీలర్ దగ్గర కనబడింది, పేరు రాయను. ముదురు నీలం బ్లూయింగ్ (ఉక్కు మీద రసాయనంతో తెప్పించే నీలి రంగు), గుళ్ళు పెట్టే సిలిండర్ మీద బంగారు తీగలు, తెల్లటి దంతం గ్రిప్పులు, లోపల వెల్వెట్ వేసిన చెక్క పెట్టె, నంబర్ వేసిన సర్టిఫికెట్. ఫ్యాక్టరీలోనే చేత్తో చెక్కారు, బంగారం పొదిగారు, ఎవరూ కాల్చలేదు, 500 లో ఒకటి అన్నాడు. నేను నమ్మేసి మామూలు మోడల్ ధరకి మూడింతలు కట్టేశా.

ఇంటికొచ్చి ఖాళీగా ఉందో లేదో చూసుకుని టేబుల్ లైటు కింద పెట్టి భూతద్దంతో చూస్తే మొదట సిలిండర్ దగ్గరే అనుమానం వచ్చింది. సిలిండర్ ని ఆపే గాళ్ళుంటాయి కదా, ఆ గాడి నుంచి గాడికి చుట్టూ ఒక సన్నటి గీత, గోటికి తగలదు కానీ లైటు ఏటవాలుగా పడితే వెండి దారంలా మెరుస్తుంది, సిలిండర్ చాలాసార్లు తిరిగితే పడే గీత అది. ఫ్యాక్టరీలో టెస్ట్ కోసం కొన్ని రౌండ్లు కాలుస్తారు కాబట్టి ఒకటి రెండు గదుల (గుండు కూర్చునే రంధ్రాల) దగ్గర కాస్త మసి ఉంటే ఏమీ అనుకోనక్కర్లేదు. నా దాంట్లో సిలిండర్ ముందు వైపు ఆరు గదుల చుట్టూ ఆరు వలయాలున్నాయి, గట్టిగా తోమినా పూర్తిగా పోలేదు. బారెల్ కి సిలిండర్ కి మధ్య సందు పైన ఫ్రేమ్ మీద మంట కోసిన గీత కూడా పడుంది, అంటే బాగానే కాల్చారన్నమాట.

తర్వాత చెక్కుడు పని. ఉలితో చెక్కితే గీత అడుగు తళతళలాడుతుంది, లోతు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటుంది, చేతి పని కదా. నా దాంట్లో గీతల అడుగు ఇసక చల్లినట్టు గరుగ్గా ఉంది, అంతటా ఒకటే లోతు, అది యాసిడ్ తో తినిపించిన డిజైన్. ఇంకా నమ్మబుద్ధి కాక రెండు వైపులా పోల్చి చూశా. కుడివైపు ఆకుల తీగ మలుపు తిరిగేచోట చిన్న తెంపు ఉంది, ఎడమవైపు కూడా సరిగ్గా అదే మలుపులో అదే తెంపు! చేత్తో చెక్కేవాడు రెండు వైపులా ఒకే తప్పు ఒకే చోట ఎలా చేస్తాడు?

బంగారం కూడా పొదిగింది కాదు. పొదగాలంటే ఉక్కులో గాడి తీసి, అంచులు లోపలికి కోసి, బంగారు తీగని కొట్టి కూర్చోబెట్టాలి. ఇది ఉత్త పూత, హ్యామర్ మూల దగ్గర అరిగి తెల్లగా కనిపిస్తోంది. గ్రిప్పుల సంగతైతే, నిజం ఏనుగు దంతంలో అడ్డకోత వైపు ఒకదాన్నొకటి దాటే సన్నటి వల గీతలు కనిపిస్తాయి, నా వాటిలో అవి లేకపోగా అచ్చు పోసినప్పుడు మిగిలిన గాలిబుడగ ఉంది. నిజం దంతమైనా ఇంకో తలనొప్పి, 1989 లోనే సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) కింద అంతర్జాతీయ ఏనుగు దంతం వ్యాపారం మీద నిషేధం నిర్ణయించారు, అందుకని కాగితాలు లేకుండా దంతం గ్రిప్పులున్న పీస్ జోలికి వెళ్ళకండి.

గ్రిప్పులు తప్పకుండా విప్పించి చూడండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. నా దాని కింద తుప్పు తిన్న గుంటలున్నాయి, వాటి మీదే మళ్ళీ బ్లూయింగ్ వేశారు. మెరుగు పెట్టేటప్పుడు స్క్రూ రంధ్రాల అంచులు సాసరులా పల్లమైపోయాయి, బారెల్ మీద అక్షరాలు కూడా అరిగి మసకబారాయి. ఇవన్నీ ఫొటోల్లో తెలియవు.

చివరికి సీరియల్ నంబర్ ఇచ్చి తయారీ రికార్డుల లెటర్ తెప్పించా (కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ లాంటి పాత కంపెనీలవాటికి దొరుకుతుంది, ఏ ఫినిష్ తో ఎప్పుడు బయటికెళ్ళిందో ఉంటుంది). మామూలు బ్లూ ఫినిష్, మామూలు గ్రిప్పులు అనే ఉంది. అంటే సాదా పీస్ కొని బయట సోకులు చేయించారు. బయట కంపెనీలు అలా అలంకరించి అమ్మడం తప్పేమీ కాదు, చాలా ఎడిషన్లు అలాగే వస్తాయి, కానీ దాన్ని ఫ్యాక్టరీ పని అని చెప్పి అమ్మడం మాత్రం పచ్చి మోసం. ఆ 500 కూడా ఒక్కో డిజైన్ కి 500 అట, మొత్తం ఎన్నో సర్టిఫికెట్లో ఎక్కడా లేదు.

అసలు తక్కువ పీసులే చేశామన్నంత మాత్రాన విలువ పెరగదు. కోల్ట్ 1961 లోనే కమెమొరేటివ్ లు (ఏదో సందర్భం పేరు మీద తెచ్చే ప్రత్యేక ఎడిషన్లు) తీయడం మొదలుపెట్టింది. స్మిత్ అండ్ వెస్సన్ 1977 లో 125 ఏళ్ళ ఎడిషన్ తీస్తే అదే దాదాపు పదివేలు. కొన్నవాళ్ళు చాలామంది కాల్చకుండా పెట్టెలోనే దాచారు కాబట్టి కొత్తవాటిలాంటివి ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి, ఇక కరువెక్కడిది? అదే 1955 లో వచ్చిన కోల్ట్ పైథాన్ చూడండి, ఏ పండగ పేరూ లేదు, ఆ రాయల్ బ్లూ మెరుగు కోసం, యాక్షన్ (ట్రిగ్గర్, హ్యామర్ కదిలే లోపలి యంత్రం) నునుపు కోసం జనం ఎగబడతారు, 2020 లో స్టెయిన్ లెస్ లో మళ్ళీ తెచ్చాక కూడా పాతవాటి మీద మోజు పోలేదు. నా మాటకైతే అందం ఉక్కు పాలిష్ లో ఉంటుంది, బంగారు పూతలో కాదు.

ఇంకోటి, వెల్వెట్ పెట్టెలో ఏళ్ళతరబడి పెట్టేయకండి, తేమ పట్టి తుప్పొస్తుంది. నికెల్ పూత ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి, కింద రాగి పొర ఉంటే అది తిని పూత లేచిపోతుంది.

డీలర్ వాపసు తీసుకోనన్నాడు, ఉన్నది ఉన్నట్టు అమ్మాను అని రసీదులో ఉందట, నిజంగానే చిన్న అక్షరాల్లో ఉంది. అదే సిరీస్ లో ఇంకో రెండు, వేరే నంబర్లతో, ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. ఫొటోలు పెద్దవి చేసి చూశా, ఆకుల తీగ మలుపులో అదే తెంపు రెండిటికీ ఉంది. మీకెవరైనా అలాంటిది చూపిస్తే ముందు ఆ మలుపు చూడండి.