బ్రాకెట్ల దగ్గర ఒక స్టార్ కోశాను

మనవరాలు బీటెక్‌లో చేరిందని పోయిన నెల ఈ సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొన్నాను. 1,350 రూపాయలు పడింది.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. కొత్త కాలిక్యులేటర్ చేతికొస్తే ముందు కొట్టేది ఒకటే: 2 పవర్ 32, ప్లస్ 1. ఇంట్లో ఉన్న పాత ఎనిమిదంకెల కాలిక్యులేటర్ ఇక్కడే ‘ఈ’ చూపించి చేతులెత్తేస్తుంది. ఇది మాత్రం 4294967297 అని పదంకెలూ పొల్లుపోకుండా చూపించింది.

ఈ సంఖ్యంటే నాకు ముచ్చట. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతది కూడా అంతేనని 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని, అంటే ఈ 4294967297ని, 641తో శేషం లేకుండా భాగించి చూపించాడు. గుడ్డిగా వెతకక్కర్లేదు లెండి. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో దెబ్బకే పడిపోతుంది!

సరే, సంఖ్యని ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొట్టే ‘ఫ్యాక్ట్’ మీట నొక్కాను. 641 × (6700417) అని వచ్చింది. “తాతయ్యా, బ్రాకెట్లు ఎందుకు?” అంది మనవరాలు. మాన్యువల్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, విడగొట్టలేని భాగాన్ని బ్రాకెట్లలో పెడతారట. అనుమానం వచ్చి 1018081 కొట్టాను. దానికీ బ్రాకెట్లే. అది 1009 ఇంటూ 1009 కదా! 6700417 మాత్రం నికార్సయిన ప్రధాన సంఖ్య. రెండిటికీ ఒకే ముసుగు వేస్తే పిల్లలకి ఏం తెలుస్తుంది?

చివరికి మేమే తేల్చాం. 6700417 వర్గమూలం 2588 దాటి కాస్త, అంతవరకు చూస్తే చాలు. దీన్ని భాగించేది ఆ పెద్ద సంఖ్యనీ భాగిస్తుంది కాబట్టి ఆ 64 లెక్క దీనికీ వర్తిస్తుంది. 641కి ముందున్న నాలుగూ ఎలాగూ పోవు. ఇక మిగిలినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏడే భాగహారాలు. ఒక్కోటి తను కొడుతుంటే నేను కాగితం మీద టిక్కు పెట్టాను. ప్రతిసారీ దశాంశాలే వచ్చాయి. కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

మిగతా విషయాలకి వంక పెట్టలేను. మీటలు మెత్తగా ఉన్నాయి, రెండుసార్లు పడటం లేదు. జారుడు మూత గట్టిది, ఒకసారి మెట్ల మీద నుంచి పడినా ఏం కాలేదు. ఎండలో తెర కాస్త మెరుస్తుంది. నాలుగు స్టార్లు.

ఇప్పుడది మనవరాలితో పాటు హాస్టల్‌కి వెళ్లిపోయింది. నాకింకోటి కావాలి. ఇదే కొంటాను.