క్రాయ్‌డన్‌లో బస, కాటన్ దొర చదువుకున్న చోట నడక

లండన్‌లో ఉండే తెలుగువారి దగ్గర, నగరానికి దక్షిణాన ఉన్న క్రాయ్‌డన్ పేరెత్తితే వెంటనే వినిపించేది లూనార్ హౌస్. వీసాలు, వేలిముద్రలు, నెలల తరబడి ఎదురుచూపులు. బ్రిటన్ హోం శాఖ వలస విభాగం పనిచేసే ఇరవై అంతస్తుల భవనం అది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఉత్సాహంలో, 1970లో కట్టినప్పుడు ఆ పేరు పెట్టారు. పక్కనున్న భవనం అపోలో హౌస్. పని పూర్తికాగానే రైలెక్కి వెళ్లిపోవలసిన ఊరుగానే చాలామందికి క్రాయ్‌డన్ తెలుసు.

మా అమ్మను తీసుకుని లండన్ వెళ్లినప్పుడు నేను కావాలనే ఇక్కడ దిగాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పదిహేనేళ్ల కుర్రవాడిగా ఉన్నప్పుడు చదువుకోవడానికి వచ్చిన ఊరు ఇది. మా పొలానికి నీరిచ్చే కాలువ ఆయన ఆనకట్ట నుంచి వచ్చేదే. ఇంగ్లండ్ దాకా వెళ్లి రాజుగారి కోటలు చూసి, ఆ మనిషి చదివిన చోటు చూడకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేకపోయింది. వెళ్లాక తెలిసింది ఏమిటంటే, ఆ ఒక్క కారణం లేకపోయినా క్రాయ్‌డన్‌లో బస చేయడం మంచి ఆలోచనే.

ముందు ప్రయాణం సంగతి. క్రాయ్‌డన్‌కు భూగర్భ రైలు లేదు. ఆ లోటును ఈస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్ తీరుస్తుంది. లండన్ బ్రిడ్జికి, విక్టోరియాకు వేగంగా వెళ్లే రైళ్లు పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో చేరుస్తాయి. గాట్విక్ విమానాశ్రయం కూడా పావుగంటే. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే విమానం మాత్రం హీత్రోలో దిగుతుంది. అక్కడి నుంచి ఎస్‌ఎల్ 7 అనే బస్సు నేరుగా వెస్ట్ క్రాయ్‌డన్‌కు వస్తుంది. చార్జీ చాలా తక్కువ, కానీ గంటన్నరకు పైగా పడుతుంది. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లకు, పెట్టెలున్నవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను. ఎలిజబెత్ లైన్ రైలులో ఫారింగ్‌డన్ వరకు వచ్చి, అక్కడ థేమ్స్‌లింక్ రైలు మారితే నేరుగా ఈస్ట్ క్రాయ్‌డన్‌లో దిగవచ్చు. ఒకే మార్పు, అదీ లిఫ్ట్ ఉన్న స్టేషన్‌లో. మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఎవరి సాయం లేకుండా వచ్చింది.

బసకు మొదట ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం. వంట చేసుకోవచ్చన్న ఆశతో. లిఫ్ట్ ఉందని వివరాల్లో రాశారు. వెళ్లి చూస్తే అది పనిచేయడం లేదు, ఎప్పుడు బాగవుతుందో చెప్పేవారూ లేరు. మూడో అంతస్తు అమ్మ వల్ల కాలేదు. స్టేషన్‌కు దగ్గరలోని ఒక మామూలు హోటల్‌కు మారాం. గది చిన్నది, కిటికీ తీస్తే రైళ్ల చప్పుడు. అయితే శుభ్రంగా ఉంది, నీళ్లు కాచుకునే కెటిల్ ఉంది, రాత్రి ఏ వేళకు వచ్చినా తలుపు తీసే మనిషి ఉన్నాడు. లండన్ నడిబొడ్డున ఇలాంటి గదికి అడిగే ధరతో పోలిస్తే ఇక్కడ బాగా తక్కువ. పెద్దవాళ్లతో వెళ్లేవారు వంటగది కోసం ఆశపడకుండా, లిఫ్ట్ పనిచేసే హోటల్ చూసుకోవడం మేలు.

ఊళ్లో తిరగడానికి ట్రామును మించింది లేదు. 2000లో మొదలైన ఈ ట్రాములు వింబుల్డన్, బెకెన్‌హామ్, న్యూ అడింగ్టన్ వైపు వెళ్తాయి. మెట్టు ఎక్కే పని లేదు, ప్లాట్‌ఫామ్ నుంచి నేరుగా లోపలికి అడుగుపెట్టవచ్చు. ఎక్కేముందు స్టాపులోని యంత్రానికి బ్యాంకు కార్డు తాకించాలి. మేము వెళ్లినప్పుడు చార్జీ 1.75 పౌండ్లు, ఆ తర్వాత గంటలోపు ఎక్కే బస్సులు, ట్రాములు ఉచితం. వింబుల్డన్ వైపు వెళ్లే దారిలో కొంత భాగానికి ఇంకో చరిత్ర ఉంది. 1803లో వాండ్స్‌వర్త్ నుంచి క్రాయ్‌డన్‌కు గుర్రాలు లాగే సరుకుల బండ్ల కోసం ఇనుప పట్టాలు వేశారు. పేరు సర్రే ఐరన్ రైల్వే. ఆవిరి ఇంజన్లు నడిచే రైలు మార్గాలకు ఎంతో ముందే పార్లమెంటు అనుమతితో వచ్చిన మార్గం అది. ఆ దారి మీదే ఇప్పుడు ట్రాము కొంత దూరం పోతుంది. అది ప్రారంభమైన ఏడాదే కాటన్ పుట్టాడు.

ఇక కాటన్ చదువుకున్న అడిస్కోంబ్. ఈస్ట్ క్రాయ్‌డన్ నుంచి ట్రాములో లెబనాన్ రోడ్ స్టాపు చాలా దగ్గర, నడిచినా పెద్ద దూరం కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ 1809లో ఇక్కడి అడిస్కోంబ్ ప్లేస్ అనే భవంతిలో తన సైనిక విద్యాలయాన్ని తెరిచింది. భారతదేశంలోని తన ఫిరంగి దళాలకు, ఇంజనీర్ల దళాలకు కుర్రవాళ్లను తయారుచేసిన చోటు అది. గణితం, కోటల నిర్మాణం, భూమి కొలత, చిత్రలేఖనంతో పాటు హిందుస్తానీ కూడా నేర్పేవారు. హిందుస్తానీ ఆచార్యుడి పేరు జాన్ షేక్‌స్పియర్, నాటకకర్త కాదు, భాషా పండితుడు. విద్యుదయస్కాంతాన్ని తయారుచేసిన విలియం స్టర్జన్ 1824 నుంచి ఇక్కడ పాఠాలు చెప్పాడు. అర్ధశతాబ్దం పైగా నడిచిన ఈ విద్యాలయం నుంచి సుమారు 3,600 మంది బయటకు వచ్చారు.

1818లో చేరిన కాటన్ మరుసటి ఏడాదే మద్రాస్ ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యాడు. అంటే పదహారేళ్లకు. గంగా కాలువ తవ్వించిన ప్రోబీ కాట్లీ కూడా ఇక్కడివాడే, దాదాపు అదే కాలంలో చదివాడు. ఉత్తరాన గంగను, దక్షిణాన గోదావరిని పొలాల మీదికి మళ్లించిన ఇద్దరూ ఒకే ఆవరణలో లెక్కలు నేర్చుకున్నారు. తర్వాత 1860లలో గంగా కాలువ నిర్మాణంలో లోపాలున్నాయని కాటన్ విమర్శించడం, కాట్లీ జవాబివ్వడం, ఇద్దరూ కరపత్రాలతో వాదించుకోవడం పెద్ద దుమారమే లేపింది.

కంపెనీ పాలన ముగిశాక 1861లో విద్యాలయం మూతపడింది. భవంతిని 1863లో కూల్చేసి, స్థలంలో ఇళ్ల వీధులు వేశారు. పక్కపక్కనే సాగే ఐదు రోడ్లు: అవుట్‌రామ్, హావ్‌లాక్, ఎల్గిన్, క్లైడ్, కానింగ్. ఎల్గిన్, కానింగ్ గవర్నర్ జనరల్ పదవి చేసినవారు. హావ్‌లాక్, అవుట్‌రామ్, లార్డ్ క్లైడ్ 1857 తిరుగుబాటును అణచిన సేనానులు. రెండు పక్కలా చెట్లు, పెద్ద పెద్ద ఇటుక ఇళ్లు, చక్కని వీధులు. మేము క్లైడ్ రోడ్డు నుంచి కానింగ్ రోడ్డుకు నెమ్మదిగా నడిచాం. నామఫలకాలు చదివి వినిపిస్తుంటే అమ్మ ఒకటే అడిగింది, “మన కాటన్ దొర వీధి ఏదిరా?” లేదని చెప్పవలసి వచ్చింది. కత్తి పట్టినవారికి వీధులు దక్కాయి, గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసిన ఇంజనీరుకు ఆ ఐదింటిలో చోటు దొరకలేదు. రాజమహేంద్రవరం వైపు గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను భగీరథుడని స్మరించే శ్లోకం ఉంది, డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన చదివిన చోట ఆ పేరు లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

విద్యాలయం నాటివి మూడు కట్టడాలు మిగిలాయి. అడిస్కోంబ్ రోడ్డు, క్లైడ్ రోడ్డు కలిసే మూలలో ‘ఆష్‌లీ’, ‘ఇండియా’ అనే రెండు ఇళ్లు, హావ్‌లాక్ రోడ్డులో ఒకప్పటి వ్యాయామశాల. ఆ వ్యాయామశాల ఇప్పుడు నివాసాలుగా మారింది. అన్నీ మనుషులు కాపురముండే ఇళ్లు కనుక కాలిబాట మీద నుంచే చూడాలి. టికెట్టు లేదు, మార్గదర్శి లేడు, కూర్చోవడానికి బల్ల కూడా లేదు. అయినా ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైన పూట అదే.

పాత ఊరిలో చూడదగ్గవి దగ్గర దగ్గరగా ఉన్నాయి. దుకాణాల వీధి నడుమ, జార్జ్ స్ట్రీట్ మూలలో, ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్ జాన్ విట్‌గిఫ్ట్ 1596లో స్థాపించిన వృద్ధాశ్రమం ఉంది. ఎర్రని ఇటుక గోడలు, లోపల పచ్చిక ముంగిలి. నాలుగు శతాబ్దాలు దాటినా ఈనాటికీ అందులో పెద్దవాళ్లే నివసిస్తున్నారు. రోడ్డు వెడల్పు కోసం కూల్చేయాలన్న ప్రతిపాదనను 1923లో పార్లమెంటులోని ప్రభువుల సభ అడ్డుకుంది. ట్రాములు, గాజు భవనాల మధ్య అది అలా నిలబడి ఉండటం చూస్తే ఎవరికైనా సంతోషం కలుగుతుంది. మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో ఆరుగురు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుల సమాధులున్నాయి. 1867లో చర్చి అగ్నికి ఆహుతైతే వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ తిరిగి కట్టాడు. పక్కనే ఆర్చిబిషప్పుల పాత రాజసౌధం ఉంది, అది ఎప్పుడో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి మాకు బయటి గోడలే దక్కాయి. టౌన్ హాల్‌లోని చిన్న మ్యూజియానికి వెళ్లాలనుకుంటే తెరిచే వేళలు ముందే చూసుకోండి. దాన్ని నడిపేది 2020లో ఖజానా ఖాళీ అయిందని ప్రకటించిన స్థానిక కౌన్సిల్.

సర్రే స్ట్రీట్ సంతను మాత్రం వదలకండి. 1276లో అనుమతి పొందిన సంత అది. పళ్లు, కూరగాయలు గిన్నెల లెక్కన అమ్ముతారు, ఒక గిన్నె ఎత్తి సంచిలో ఒంపేస్తారు. పక్కనే నిలబడి ధర అరిచే అమ్మకందార్లను చూసి అమ్మ ముఖం విప్పారింది. ఆమె భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష ఆమెకు రాదు, బేరం మాత్రం కుదిరింది.

విమానాలంటే ఇష్టమున్నవారు పర్లీ వే మీదున్న పాత క్రాయ్‌డన్ విమానాశ్రయానికి ఒక ఆదివారం కేటాయించాలి. లండన్‌కు హీత్రో కంటే ముందు ఇదే ప్రధాన విమానాశ్రయం. 1928లో కట్టిన టెర్మినల్ భవనం ఇంకా ఉంది, ముందు హెరాన్ అనే పాత విమానాన్ని ఎత్తుగా నిలబెట్టారు. 1929 మార్చిలో కరాచీకి విమాన టపా ఇక్కడి నుంచే బయల్దేరింది. దానికి కొనసాగింపుగానే 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు తెచ్చాడు, అక్కడి నుంచి అవి బళ్లారి మీదుగా మద్రాసు చేరాయి. 1930లో ఇక్కడి నుంచే బ్రిటిష్ మహిళా పైలట్ ఎమీ జాన్సన్ ఒంటరిగా ఆస్ట్రేలియాకు ఎగిరింది. అదే ఏడాది పదిహేడేళ్ల ఆస్పీ ఇంజనీర్ ఇక్కడి నుంచి కరాచీకి ఒంటరిగా విమానం నడిపాడు. తర్వాత ఆయన భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. ఆపదలో పైలట్లు పలికే ‘మేడే’ పిలుపు కూడా ఇక్కడి రేడియో అధికారి మాక్‌ఫర్డ్ ఇచ్చిందే. 1959లో విమానాశ్రయం మూసేశారు. ప్రదర్శనశాలను స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతారు, సాధారణంగా నెలలో మొదటి ఆదివారమే తెరుస్తారు. ఆ రోజు కుదరకపోతే అంత దూరం వెళ్లవద్దు. కుదిరితే కార్యకర్తలను ప్రశ్నలు అడగండి, ఎంత ఓపికగా చెబుతారో!

తిండికి ఇబ్బంది లేదు. వెస్ట్ క్రాయ్‌డన్ నుంచి థార్న్‌టన్ హీత్ వైపు సాగే లండన్ రోడ్డు నిండా శ్రీలంక తమిళుల హోటళ్లు, కిరాణా దుకాణాలు. దోసె, ఇడియాప్పం, సాంబారు, కరివేపాకు, మునక్కాడలు అన్నీ దొరుకుతాయి. కారం మనకు సరిపోయేంత ఉంటుంది. పప్పు, పచ్చడితో తెలుగు భోజనం మాత్రం మాకు ఎక్కడా తగలలేదు. స్టేషన్ పక్కన సరుకు కంటెయినర్లతో కట్టిన తిండి అంగళ్ల సముదాయం కుర్రవాళ్లకు బాగుంటుంది.

క్రాయ్‌డన్ నుంచి ఒక పూట డార్కింగ్ వెళ్లి రావచ్చు. వెస్ట్ క్రాయ్‌డన్‌లో రైలెక్కి సట్టన్‌లో మారాలి. కాటన్ చివరి రోజులు గడిపి, 1899 జూలైలో తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూసింది అక్కడే. ఆ ఊరి శ్మశానవాటికలోనే సమాధి ఉంది. స్టేషన్ నుంచి కొంత నడక, కాబట్టి పెద్దవాళ్లుంటే టాక్సీ మాట్లాడుకోండి. పూలు ముందే కొనుక్కుని వెళ్లండి.

లండన్‌లోని తెలుగు సంఘాలకు నాదొక విన్నపం. ఇంగ్లండ్‌లో ప్రముఖులు నివసించిన, చదివిన చోట్ల గుర్తుగా గోడకు ఫలకాలు పెట్టే ఆచారం ఉంది. ఇళ్ల యజమానుల సమ్మతితో, కౌన్సిల్‌కు అర్జీ పెట్టి, అడిస్కోంబ్‌లో కాటన్ పేరిట అలాంటి ఫలకం ఒకటి పెట్టించండి. ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ రాయించండి. ఆ ఖర్చులో పాలుపంచుకోవడానికి మా ఊరి రైతులు ముందుకొస్తారని నేను మాటిస్తున్నాను.