మా పడవకు తాడు బ్యాక్‌స్టే అడ్జస్టర్ పెట్టి ఆరేళ్లు

తెరచాప పడవలో మాస్ట్ (తెరచాపలను మోసే నిలువు స్తంభం) కొన నుంచి వెనక్కి దిగే తీగ బ్యాక్‌స్టే, దాన్ని బిగించి వదిలే సాధనం బ్యాక్‌స్టే అడ్జస్టర్. దాన్ని కొనబోయేవాళ్లు మొదట అడిగేది అది ఎంత బలంగా లాగుతుందని. ఆరేళ్ల కిందట నేనూ అదే అడిగాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే అది ఎంత త్వరగా వదులుతుందో ముందు చూసుకోమంటున్నాను. అంతకుముందు మూడేళ్లు చేతిచక్రంతో తిప్పే అడ్జస్టర్ వాడి, విసిగి, తాళ్లూ కప్పీలతో పనిచేసే రకానికి మారిన తరువాత ఏర్పడిన అభిప్రాయం ఇది.

మాది 27 అడుగుల పాత పడవ, ఫోర్‌స్టే, అంటే మాస్ట్‌ను ముందు వైపు నుంచి పట్టి ఉంచే తీగ, మాస్ట్ కొన దాకా వెళ్లే రకం. మేరీల్యాండ్‌లో అనాపొలిస్‌కు దక్షిణాన ఉన్న సౌత్ రివర్‌లో దాన్ని కట్టేసుకుంటాం. వేసవిలో చెసపీక్ బే గాలి ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట ఉండదు. పొద్దున ఐదారు నాట్లు (గంటకు సుమారు పది కిలోమీటర్లు) కూడా రాక తెరచాప వేలాడుతుంటుంది, మధ్యాహ్నానికి దక్షిణపు గాలి పుంజుకుంటుంది, సాయంత్రానికి ఉరుములతో గాలివాన మీద పడవచ్చు. మా రకం మాస్ట్ పెద్దగా వంగదు కాబట్టి బ్యాక్‌స్టేతో మాకున్న పని ప్రధానంగా ఒక్కటే: గాలి పెరిగినప్పుడు ఫోర్‌స్టేలోని సడలు తీసి, దాని మీద ఎత్తే ముందు తెరచాప జెనోవాను చదును చేయడం, గాలి పడిపోగానే ఆ సడలును తిరిగి ఇచ్చి తెరచాపకు పొట్ట రానివ్వడం. ఈ రెండో పనిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు. హుస్సేన్ సాగర్‌లో, ఒక్కరే నడిపే చిన్న పడవ లేజర్ మీద నేర్చుకున్నవాణ్ణి. ఆ పడవలో మాస్ట్‌ను నిలబెట్టే తీగలే ఉండవు, గాలి పెరిగితే తెరచాప అడుగు కర్రను కిందికి దించే వ్యాంగ్ అనే తాడు లాగుతాం, తగ్గితే వదులుతాం. బ్యాక్‌స్టే గురించి నేను నేర్చుకున్నదంతా ఈ పడవ కొన్న తరువాతే.

చక్రాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. లాగడంలో దాన్ని మించినది లేదు. మర మీద నడుస్తుంది కాబట్టి జారదు, తెగదు, ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. అయితే ఒక్కో చుట్టుకు అది కదిలేది సుమారు 3 మిల్లీమీటర్లు. మా పడవలో పూర్తి సడలు నుంచి పూర్తి బిగువుకు దాదాపు 100 మిల్లీమీటర్లు కదలాలి, అంటే ముప్పైకి పైగా చుట్లు. ఆ ముప్పై చుట్లూ పడవకు వీపు చూపించి, అమరం (పడవ వెనుక కొస) అంచున వంగి తిప్పాలి. బిగించేటప్పుడు ఓపికగానే తిప్పుతాం. గాలికి ఎదురు వెళ్లడం ముగిసి గాలివాలుకు మళ్లినప్పుడు, చేతిలో చుక్కాని, పక్కన గాలివాలున ఎత్తే తెరచాప స్పిన్నేకర్ సంచీ ఉండగా ఎవరు తిప్పుతారు? తిప్పం. అలా వదలడం మానేశాక, మళ్లీ వదలాలి కదా అన్న బద్ధకంతో బిగించడం కూడా మానేశాను. మూడో ఏడాది వచ్చేసరికి చక్రం వసంతంలో ఎక్కడ పెట్టానో శరదృతువులోనూ అక్కడే ఉండేది.

తాడు అడ్జస్టర్‌కు మారిన మొదటి రోజు ఆనందం ఇప్పటికీ గుర్తుంది. బ్యాక్‌స్టే తీగను అమరానికి కొంత ఎత్తున కోయించి, కింది భాగంలో ఒకదాని కింద ఒకటిగా రెండు రెట్టింపు అంచెలు (ఒక్కోటి లాగుడును రెండింతలు చేసే తాడూ కప్పీ), వాటి కింద 4:1 కప్పీ జత వేయించాను, మొత్తం 16:1, అంటే నా లాగుడు పదహారింతలవుతుంది. తీగ మీద 500 కిలోల బిగువు రావాలంటే లెక్కప్రకారం నా చేతికి పడవలసింది 31 కిలోలు, రాపిడితో కలిపి అంతకు కొంత ఎక్కువే పడుతుంది. కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఒక్క బారెడు లాగితే చాలు. ఇక వదలడమంటే తాడును, దాన్ని పళ్లతో పట్టి ఉంచే క్యామ్ క్లీట్‌లోంచి పైకి ఎగదోయడమే, ఒక్క క్షణం పని. ఆ వేసవిలో నేను పడవ నడిపానో, ఆ తాడుతో ఆడుకున్నానో చెప్పలేను.

అయితే ఎంత లాగాలో చేతికి తెలియదు. దీనికి మాస్ట్‌లు తయారుచేసే సెల్డెన్ వారి మార్గదర్శకంలో ఉన్న పద్ధతి నాకు తీగ బిగువు కొలిచే లూస్ గేజ్ కన్నా బాగా పనికొచ్చింది: 1×19 తీగ (పంతొమ్మిది ఉక్కు పోగులు పేనినది) మీద 2 మీటర్ల పొడవును గుర్తుపెట్టుకుంటే, అది సాగే ప్రతి మిల్లీమీటరూ ఆ తీగ తెగే బలంలో 5 శాతానికి సమానం. వడ్రంగులు వాడే మడత స్కేలును తీగకు ఒక చివర టేపుతో బిగించి, రెండో చివర జరిగిన మేర చూస్తూ లాగాను. 5 మిల్లీమీటర్లకు, అంటే 25 శాతానికి చేరగానే తాడు మీద నల్ల దారంతో కుట్టు వేశాను. ఆ కుట్టు క్లీట్ దాటి రాకూడదన్నది మా పడవలో చట్టం.

ఇక తెగిన రోజు సంగతి. రెండేళ్ల కిందటి సెప్టెంబరులో రాజమండ్రి నుంచి మా బావమరిది వచ్చాడు. థామస్ పాయింట్ లైట్‌హౌస్ చూపిద్దామని బయలుదేరాం. 1875 నుంచి ఇనుప కాళ్ల మీద నీళ్లలో నిలబడి ఉన్న ఇల్లులాంటి కట్టడం అది. ఇక్కడికి ఎవరొచ్చినా చూపించవలసిందే. నది దాటేసరికి దక్షిణపు గాలి 18 నాట్లకు చేరింది. జెనోవాను కొంత చుట్టి, బ్యాక్‌స్టేను నల్ల కుట్టు దాకా లాగి, గాలికి ఎదురు నడుపుతున్నాను. పెద్ద అల ఒకటి కొట్టి పడవ ముక్కు దిగగానే, నా వెనుక కొబ్బరికాయ కొట్టినట్టు ఫట్‌మని చప్పుడైంది. మాస్ట్ కొన ఒక్క ఊపు ముందుకు ఊగి ఆగింది. ఫోర్‌స్టే ఉయ్యాల తాడులా సడలిపోయింది. "బావగారూ, వెనకాల ఏదో తెగిందండీ" అన్నాడు మావాడు, చేతిలో టీ గ్లాసుతో. అతను కూర్చున్న చోటికి జానెడు పక్కనుంచే కప్పీ ఒకటి విసురుగా పోయి అమరం రెయిలింగ్‌కు తగిలింది.

బ్యాక్‌స్టే పోతే ఏం చేయాలో అదివరకు మనసులో చాలాసార్లు అనుకుని ఉండటం వల్ల చేతులు వాటంతట అవే పనిచేశాయి. పడవను గాలికెదురు తిప్పి, మాస్ట్ వెనుక ఉండే పెద్ద తెరచాప మెయిన్‌సెయిల్‌ను లాగే తాడు మెయిన్‌షీట్‌ను బిగించాను, ఎందుకంటే ఆ సమయంలో మెయిన్‌సెయిల్ వెనుక అంచే మాస్ట్‌కు బ్యాక్‌స్టే. జెనోవాను పూర్తిగా చుట్టేసి, స్పిన్నేకర్‌ను పైకెత్తే తాడు హాల్యార్డ్‌ను వెనక్కి తెచ్చి అమరం దగ్గర క్లీట్‌కు కట్టాం. అప్పుడు గానీ తీరిగ్గా వెనక్కి చూడలేదు. చూస్తే బ్యాక్‌స్టే ఇంకా అక్కడే ఉంది. అంచెలన్నీ పక్కకు వేలాడుతుంటే, తీగ చివరి నుంచి డెక్ మీది ఇనుప పలకకు కట్టిన ఒక పొట్టి బూడిదరంగు తాడు వీణ తీగలా బిగుసుకుని మాస్ట్ భారాన్ని మోస్తోంది.

ఆ పొట్టి తాడు కిట్‌తో వచ్చినది కాదు. పని చేసిన రిగ్గర్ (మాస్ట్ తీగలూ తాళ్లూ అమర్చేవాడు) పట్టుబట్టి వేశాడు, దానికి విడిగా ముప్పై డాలర్లు తీసుకున్నాడు, నేను సణుక్కుంటూ ఇచ్చాను. అంచెలు పూర్తిగా వదిలినప్పుడు తీగ ఎంత పైకి పోవచ్చో ఆ తాడు పొడవు నిర్ణయిస్తుంది కాబట్టి, తెగిన నాడు మాస్ట్ ముందుకు పోయింది ఆ 100 మిల్లీమీటర్లకు సంబంధించిన దూరమే. అది లేకుండా, స్పిన్నేకర్ ఎత్తి గాలివాలున పోతున్నప్పుడు తెగి ఉంటే మాస్ట్ పడవ ముందుకు కూలేది.

ఒడ్డుకొచ్చి తెగిన కొనను చేతిలోకి తీసుకుని చూశాను. అది మొదటి అంచెలోని తాడు, డైనీమా అనే గట్టి కృత్రిమ నారతో చేసినది, అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసేది. ఒక వైపు పోగులు కొబ్బరి పీచులా రేగి ఉన్నాయి, రెండో వైపు కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. పై కప్పీకి ఉన్న పిన్నును పట్టి ఉంచే కాటర్ పిన్ను కాలు ఒకటి 3 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని మొనకు తెల్లటి డైనీమా పోగుల కుచ్చు ఇంకా వేలాడుతోంది. నాలుగేళ్లు లాగిన ప్రతిసారీ వదిలిన ప్రతిసారీ ఆ మొన తాడును కొంచెం కొంచెంగా గీరుతూ వచ్చిందన్నమాట. కాటర్ పిన్నును టేపుతో చుట్టాలని కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. ఆ పిన్నును అలా తాడు వైపుకు తిప్పి అమర్చినవారి మీద నాకు కోపం ఇంకా పోలేదు. అయితే ఆ కప్పీ నా తలకు మూరెడు పైన, నాలుగేళ్లూ నా కళ్లెదుటే ఉందన్నది కూడా నిజమే.

అందువల్ల మొదటి ఏడాది మా రేవులో నలుగురికీ చెప్పిన మాటలను కొంత సవరించుకోవాలి. దీనికి నూనె అక్కర్లేదు, గ్రీజు అక్కర్లేదు, చూడనక్కర్లేదు అన్నాను. మొదటి రెండూ ఇప్పటికీ నిజమే. చూడటం మాత్రం చక్రానికన్నా దీనికే ఎక్కువ కావాలి. ఇప్పుడు ప్రతి నెలా నిచ్చెన పీట ఎక్కి పై కప్పీ చూస్తున్నాను, మొదటి అంచె తాడును రెండేళ్లకొకసారి మారుస్తున్నాను. తాళ్లు స్థిరపడేకొద్దీ సాగి, రెండో ఏడాది చివరికి నల్ల కుట్టు రాకముందే కప్పీలు ఒకదానికొకటి తగలడం మొదలైంది. పై తాడును కుదించి మళ్లీ ముడేయించవలసి వచ్చింది.

నేను అంతగా మెచ్చుకున్న వదలడానికి కూడా ఒక షరతు ఉంది. ఐదు నాట్ల గాలిలో క్లీట్ తెరిస్తే ఏమీ జరగదు. అన్ని కప్పీల రాపిడిని దాటి తాడును వెనక్కి గుంజేంత బిగువు తీగలో మిగలదు, నేను కాలితో కింది కప్పీని పైకి తన్నాలి. లాగే తాడు 8 మిల్లీమీటర్లది తీసి 6 మిల్లీమీటర్లది వేశాక బాగా జారుతోంది, కానీ అది అరచేతిని కోస్తుంది. సడలు ఎక్కువ అవసరమయ్యేది ఆ చిన్న గాలిలోనే కావడం దీనిలోని అసలు చిక్కు.

పక్క రేవులోని 34 అడుగుల పడవలో నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకాన్ని రెండు వేసవులు వాడాను. దాని గేజ్ చూస్తే అసూయ కలుగుతుంది, మడత స్కేలూ నల్ల కుట్టూ అవసరం లేదు. నాబ్ తిప్పగానే ఏ గాలిలోనైనా మెత్తగా వదులుతుంది. సీళ్లు అరిగినప్పుడు మాత్రం ఒడ్డున సర్వీసుకు పంపాలి, ధర వెయ్యి డాలర్లకు పైమాటే. ఆ డబ్బుకు నాకు ఒక కొత్త జెనోవాలో సగం వస్తుంది.

మాలా పగటిపూట బేలో తిరిగి, నెలకొకసారి క్లబ్బు పందెంలో వెనుక వరుసలో వచ్చే 27 అడుగుల పడవ ఉన్నవారికి ఇది సరిపోతుందని నా నమ్మకం, ఆ ముప్పై డాలర్ల తాడుతో కలిపి కొంటేనే. బెర్ముడా దాకా వెళ్లేవారికి, 32 అడుగులు దాటిన పడవ ఉన్నవారికి నేను ఈ మాట చెప్పను. ఫోర్‌స్టే మాస్ట్ కొనకు కాకుండా కిందికే ఆగే పడవల్లో బ్యాక్‌స్టే మాస్ట్‌నే వంచుతుంది, ఆ లెక్కలు వేరు. నాకిప్పుడు యాభై రెండేళ్లు. గత శీతాకాలం నుంచి కుడి భుజం పట్టేస్తోంది. చివరి రెండు మూరల లాగుడుకు ఎడమ చేయి సాయం పట్టవలసి వస్తోంది. పాత చక్రాన్ని గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి గ్యారేజీలో పెట్టాను. ఇద్దరు ముగ్గురు అడిగారు గానీ ఇంకా అమ్మలేదు.