తిరిగే జైలు: కౌన్సిల్ బ్లఫ్స్‌లోని ‘స్క్విరెల్ కేజ్’ మ్యూజియం

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఒమాహా నగరం నుంచి మిస్సోరీ నది దాటగానే ఐయోవా రాష్ట్రంలోని కౌన్సిల్ బ్లఫ్స్ వస్తుంది. అక్కడ పెర్ల్ వీధిలో ఉన్న పాత పాటవాటమీ కౌంటీ జైలు బయటికి ఇటుకలతో కట్టిన పెద్ద ఇంటిలాగే కనిపిస్తుంది. లోపల మూడంతస్తుల ఎత్తున ఒక ఇనుప పీపా నిలబడి ఉందని ఎవరికీ తోచదు. 1885లో కట్టిన ఈ భవనం 1969 వరకు జైలుగా పనిచేసింది. ఇప్పుడు దాన్ని స్థానిక చరిత్ర సంఘం ‘స్క్విరెల్ కేజ్’ (ఉడుత పంజరం) మ్యూజియంగా నడుపుతోంది.

ఇక్కడ చూడవలసింది ఆ పీపానే. అంతస్తుకు పది చొప్పున ముప్పై గదులు, ఒక్కొక్కటి పుచ్చకాయ ముక్కలా లోపలికి పోనుపోను సన్నబడుతూ, ఒకే ఇరుసు చుట్టూ అమరి ఉంటాయి. వాటి చుట్టూ కదలని కటకటాలు, అంతస్తుకు ఒకటే ద్వారం. జైలరు చేత్తో మర తిప్పితే పీపా మొత్తం కదిలి, కావలసిన గది ఆ ద్వారానికి ఎదురుగా వచ్చి ఆగినప్పుడే అందులోని ఖైదీ బయటికి రాగలిగేవాడు. ఇండియానాపోలిస్‌కు చెందిన విలియం బ్రౌన్, బెంజమిన్ హా ఈ పద్ధతికి 1881లో పేటెంటు పొందారు. ఖైదీలకు, జైలరుకు నేరుగా సంబంధం లేకుండానే జైలును అదుపులో ఉంచడం తమ ఉద్దేశమని అందులో చెప్పుకున్నారు. కాపలాకు తక్కువ మంది చాలన్న లెక్క కౌంటీ అధికారులకు నచ్చడంలో వింతేమీ లేదు.

అయితే ఆ ఉద్దేశంలోనే లోపమూ ఉంది. పీపా తిరిగేటప్పుడు కటకటాల మధ్య నుంచి చెయ్యో కాలో బయటికి పెట్టినవారికి అది నలిగిపోయే ప్రమాదం ఉండేది. నిప్పంటుకుంటే ఒక్కో గదినీ ద్వారం దగ్గరికి తిప్పుకుంటూ ఒక్కొక్కరినీ బయటికి తేవలసిందే. చివరికి 1960లో తిప్పడం ఆపేశారు. గదుల గోడల మీద ఖైదీలు గీసుకున్న పేర్లు, తేదీలు ఇంకా కనిపిస్తాయి. నాకు యంత్రం కన్నా వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది.

ఇక్కడ దయ్యాలున్నాయన్న ప్రచారం బాగానే ఉంది. ఆ సరదాతో వెళ్లేవారిని నేను కాదనను గానీ, యంత్రం పనితీరు మీద ఆసక్తి ఉన్నవారికే ఈ చోటు పూర్తిగా దక్కుతుందని నా అభిప్రాయం.

ఇటువంటి జైళ్లలో నేటికి మిగిలినవి మూడే. మిస్సోరీ రాష్ట్రం గాలటిన్‌లోనిది ఒక్క అంతస్తుది. ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో 1882 నాటిది రెండంతస్తులది. మూడంతస్తులది కౌన్సిల్ బ్లఫ్స్‌లోనే ఉంది, కానీ ఇది ఇప్పుడు కదలదు. పీపా తిరగడాన్ని కళ్లారా చూడాలనుకునేవారు క్రాఫర్డ్స్‌విల్ వెళ్లడం మేలు. కట్టడాన్నీ, దాని వెనుక ఉన్న ఆలోచననూ చూడాలనుకునేవారికి ఇదే సరైనది. అయిదుకు నాలుగు ఇస్తాను. పాతకాలపు మెట్లు ఎక్కి దిగవలసి ఉంటుంది కనుక, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారు ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.